కుర్రాళ్ల కొట్లాటల నివారణకు గ్రాంటు: సంస్థ ద్వారానా, పంచాయతీ ద్వారానా, ఏది మేలు?

విజయనగరం జిల్లా పల్లెల్లో గ్రామదేవత సంబరం ముగిసిన మర్నాడు పోలీస్ స్టేషన్ మెట్ల మీద తల దించుకుని కూర్చునే వారిలో ఎక్కువమంది ఇరవై ఏళ్లు అటూ ఇటూ ఉన్న కుర్రాళ్లే. డప్పుల దగ్గర తోపులాటగా మొదలై కర్రల దాకా పోయిన తగువు మీద కేసు కట్టడం పోలీసుల పని. తగువు అంతదాకా పోకుండా ఏడాది పొడవునా చేయవలసిన పనికి ప్రభుత్వ సొమ్ము ఏ దారిన వస్తే నిలుస్తుందన్నదే ఇక్కడి ప్రశ్న.

మొదటి దారి స్వచ్ఛంద సంస్థలకిచ్చే గ్రాంటు. మాదకద్రవ్యాల గిరాకీని తగ్గించేందుకు కేంద్ర సామాజిక న్యాయ శాఖ అమలు చేస్తున్న జాతీయ కార్యాచరణ ప్రణాళిక కింద, తోటి యువకుల ద్వారానే యువకులను దారిలో పెట్టే కేంద్రాల నిర్వహణకు సంస్థలు దరఖాస్తు చేసుకోవచ్చు. పేరు మత్తుమందులదే అయినా, మన ప్రాంతంలో గంజాయికీ కొట్లాటలకూ ఉన్న చుట్టరికం తెలిసినవారు దీన్ని వేరే విషయంగా చూడరు. ఈ దారిలోని అసలు బలం, మనిషికి జీతం ఇవ్వడానికి వీలుండటం. సమన్వయకర్తకూ, సాయంత్రం పూట కుర్రాళ్ల మధ్య తిరిగే వారికీ అందులో పద్దు ఉంటుంది.

బలహీనత వాయిదాల్లో ఉంది. ఏడాది ముగిశాక వినియోగ పత్రం, ఆడిట్ అయిన లెక్కలు సమర్పించి, అవి ఆమోదం పొందితే తప్ప తరువాతి సొమ్ము కదలదు. నేను కొంతకాలం లెక్కలు రాసిన ఒక చిన్న సంస్థలో మొదటి విడత జనవరిలో చేరింది. మార్చి 31 లోగా ఖర్చు చూపాలన్న తొందరలో రెండు నెలల్లో ఆరు అవగాహన సదస్సులు, వాటికి ఆరు ఫ్లెక్సీలు, టీ బిస్కెట్ల బిల్లులు పోగయ్యాయి. రెండో విడత కోసం ఎదురు చూసిన ఏడు నెలల్లో, కుర్రాళ్లు నమ్మి మాట్లాడే ఇద్దరు యువకులూ చెన్నై పనులకు వెళ్లిపోయారు. డబ్బు వచ్చేసరికి ఫైలు ఉంది, మనుషులు లేరు.

రెండో దారి పంచాయతీ. పదిహేనో ఆర్థిక సంఘం 2021–26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫార్సు చేసిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకు ముడిపెట్టి, మిగిలిన 40 శాతాన్ని స్థానిక అవసరాలకు విడిచిపెట్టింది. గ్రామసభలో తీర్మానం చేసి, గ్రామ అభివృద్ధి ప్రణాళికలో చేర్చి, పాడుబడిన పాత భవనాన్ని వ్యాయామశాలగా మార్చుకోవచ్చు. పంచాయతీలకు అప్పగించదగిన పనులను చెప్పే రాజ్యాంగం పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో క్రీడలు అన్న మాట లేదు కనుక, పనిని సామాజిక ఆస్తుల నిర్వహణ కింద రాయించుకోవడం తెలివైన కార్యదర్శి చేసే పని. ఊరి కళ్లెదుట ఖర్చవుతుంది కాబట్టి బార్‌బెల్ కొన్నారా లేదా అన్నది ఎవరైనా లోపలికి తొంగి చూసి చెప్పగలరు. అయితే ఆ నిధులతో జీతాలు ఇవ్వకూడదు. అందుకే మా పక్క ఊళ్లో గది ఉంది, ఇనుప దిమ్మెలున్నాయి, గోడకు అద్దం కూడా ఉంది. తాళం చెవి మాత్రం సాయంత్రం అయిదు గంటలకు ఇంటికి వెళ్లిపోయే ఉద్యోగి జేబులో ఉంది. కుర్రాళ్లు పనుల నుంచి తిరిగి వచ్చేది ఆరున్నరకు.

కళాశాలల ద్వారా వచ్చే సొమ్మును మూడో దారిగా చెబుతారు. జాతీయ సేవా పథకంలో ఒక్కో వాలంటీరు ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి. ఆ పథకం మంచిదే కానీ, ఇంటర్ తప్పి ఇటుక బట్టీలోనో ఆటో మీదో ఉన్న కుర్రాడికి అది తగలదు; కొట్లాటలో ముందుండేవాడు చాలాసార్లు అతడే.

సొమ్ము పరిమాణం చూస్తే సంస్థ గ్రాంటుదే పైచేయి, నిలకడలో పంచాయతీదే. నా మొగ్గు పంచాయతీ వైపే, అయితే ఒక షరతుతో. నెల్లిమర్ల మండలం కొండవెలగాడను వెయిట్‌లిఫ్టర్ల ఊరంటారు. 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. అలాంటి చోట బరువులెత్తడం నేర్చుకున్నది ఇనుమును చూసి కాదు, రోజూ అదే వేళకు వచ్చి పక్కన నిలబడే పెద్దను చూసి. కుర్రాడి చేతిలో కర్ర దింపించగలిగేదీ ఆ పరిచయమే. కాబట్టి గదినీ సామగ్రినీ పంచాయతీ తీర్మానంతో సమకూర్చుకుని, సంస్థ తన దరఖాస్తులో సదస్సుల పద్దును వీలైనంత తగ్గించి, ఊరికి ఒక శిక్షకుడి జీతాన్ని మొదటి పద్దుగా చూపడం మేలు. రెండో విడత ఆలస్యమైన నెలల్లో అతనికి ఇవ్వవలసినదాన్ని ఎవరు సర్దుతారో గ్రామసభ రోజునే తేల్చుకోవాలి. సంబరానికి చందాలు పోగుచేసే కమిటీకి ఆ బాధ్యత అప్పగించడం మా దగ్గర కుదిరే పనే. తాళం చెవి రెండోది చేయించి శిక్షకుడికి ఇస్తున్నట్టు అదే తీర్మానంలో రాయించాలి.