వే కాన్సన్‌ట్రేటా, ఐసోలేటా?

చీజ్ చేసేటప్పుడు పాలు విరిగాక మిగిలే తేట నీటి (దాన్నే వే అంటారు) నుంచి తీసిన ప్రొటీన్ పొడులే రెండూ. తేడా వడపోతలో ఉంది. మంచి రకం కాన్సన్‌ట్రేట్‌లో నూటికి 80 పాళ్ల దాకా ప్రొటీన్ ఉంటుంది. మిగతాది లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర), కొవ్వు, తేమ. ఐసోలేట్‌ను ఇంకా వడకడతారు కాబట్టి 90 దాకా వెళ్తుంది, లాక్టోజ్ చాలావరకు పోతుంది. 30 గ్రాముల స్కూపులో ఆ తేడా 3 గ్రాములు, అంటే సగం గుడ్డు. అంతమాత్రానికి ఎక్కువ డబ్బు పెట్టడం నాకు సబబు అనిపించదు.

పాలు తాగితే కడుపు ఉబ్బరించే వాళ్ల సంగతి వేరు. మన దగ్గర పెద్దయ్యాక లాక్టోజ్ అరగనివాళ్లు చాలామందే. వాళ్లకు ఐసోలేటే నయం. పెరుగు పడుతుంది, పాలే పడవు అనేవాళ్లు ముందు చిన్న ప్యాకెట్ కాన్సన్‌ట్రేట్ కొని చూడొచ్చు.

ఏది కొన్నా డబ్బా వెనక పట్టిక తప్పకుండా చదవండి. పదార్థాల్లో గ్లైసిన్, టారిన్ అనే అమైనో ఆమ్లాలు విడిగా కనిపిస్తే నేనైతే కొనను. ప్రొటీన్ లెక్క ఎక్కువ చూపడానికి వాటిని కలిపేవాళ్లున్నారు. కాన్సన్‌ట్రేట్, ఐసోలేట్ రెండూ కలిపిన బ్లెండ్ అయితే ఏ పేరు ముందుందో చూడండి, ఎక్కువ ఉన్నదే ముందు రాస్తారు. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఏదీ మొదలుపెట్టొద్దు.