సిలికాన్ రొమ్ము, నూలు రొమ్ము: ఒక నర్సు ఆరు నెలల వాడకం

నేను విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. 28వ ఏట నాకు ఎడమ రొమ్ములో క్యాన్సర్ ఉన్నట్టు తేలింది. బయాప్సీ రిపోర్టు కవరు నేనే విప్పి చదువుకున్నాను. అందులోని ప్రతి మాటకూ అర్థం తెలిసి ఉండటం వల్ల ఆ రోజు నాకు భయం పెరిగిందే తప్ప తగ్గలేదు. రొమ్మునూ, చంకలోని లింఫు గ్రంథులనూ తీసేశారు. తరువాత మూడు వారాలకొకటి చొప్పున 4 కీమోలు, వారానికొకటి చొప్పున మరో 12, చివర 15 రోజుల రేడియేషన్ జరిగాయి. చికిత్స సంగతులు రాసినవారు చాలామంది ఉన్నారు కాబట్టి, నేను రోజూ బ్రా లోపల పెట్టుకొని డ్యూటీకి వెళుతున్న రెండు వస్తువుల గురించే ఇక్కడ రాస్తాను. ఒకటి దుకాణంలో కొన్న సిలికాన్ రొమ్ము, రెండోది మా పిన్ని అల్లి ఇచ్చిన నూలు రొమ్ము.

ముందు చెప్పవలసింది నూలుదాని గురించే. సిలికాన్‌ది ఎంత ఖరీదు పెట్టి కొన్నా ఆపరేషన్ అయిన వెంటనే వాడటానికి వీల్లేదు; కోత పూర్తిగా మానాలి, అందుకు సాధారణంగా 6 నుంచి 8 వారాలు పడుతుంది. రేడియేషన్ మొదలైతే ఆ చర్మం మీద బరువూ రాపిడీ పడకూడదు కాబట్టి అప్పుడు మళ్ళీ పక్కన పెట్టాల్సిందే. ఈ మధ్యకాలమంతా ఆడదానికి కావలసింది మెత్తగా, గాలి ఆడేలా, పుండును ఒరుసుకోకుండా ఉండే వస్తువు. మా పిన్నిది నరసాపురం. చిన్నతనం నుంచి లేసు అల్లిన చెయ్యి. "కొలత పంపించమ్మా, నాలుగు రోజుల్లో అల్లేస్తాను" అంది, అన్నట్టే పంపింది. వెనకవైపు, అంటే కోత మీద ఆనే వైపు, ఒక్క ముడి కూడా తగలకుండా దారం కొసలన్నీ లోపలికి తిప్పి అల్లింది. మొదటిదానిలో బూరుగు దూది కూరింది. ఒక్క ఉతుకుతోనే అది ఉండలు కట్టింది. రెండోదానిలో దిండ్లకు వాడే ఫైబర్ నింపితే ఎన్నిసార్లు ఉతికినా ఆకారం చెడలేదు. ఉన్న ఇబ్బందల్లా తేలికదనం. సెలైన్ సీసా తగిలించడానికి చెయ్యి పైకెత్తినప్పుడల్లా అది మెడ ఎముక వైపు జరిగిపోయేది. దానికీ పిన్నే ఉపాయం చూసింది: అయిదు గాజు గోళీలను చిన్న గుడ్డసంచిలో వేసి, ఫైబర్ నడుమ అడుగు భాగాన కుట్టేసింది. నూలుకు, ఫైబర్‌కు కలిపి 150 రూపాయలు కూడా కాలేదు.

సిలికాన్‌ది కొనడానికి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గర మహారాణిపేటలో ఉన్న ఒక సర్జికల్ దుకాణానికి వెళ్ళాను. చంకకర్రలు కొనుక్కునేవాళ్ళు పక్కన నిలబడి ఉండగానే కౌంటరులో ఉన్నతను "సైజు చెప్పండి మేడమ్, చాలు" అన్నాడు. వేసి చూసుకోవడానికి చోటూ లేదు, చూపించడానికి ఆడమనిషీ లేదు. తెచ్చుకున్నది ఇంట్లో అద్దం ముందు పెట్టుకుంటే, చంక వైపు సాగి ఉండవలసిన దాని కొస రొమ్ము ఎముక వైపు వచ్చింది. ఆపరేషన్ వల్ల నా ఒళ్ళే వంకరపోయిందనుకొని ఆ రాత్రంతా ఏడ్చాను. మర్నాడు పెట్టె చూస్తే అది కుడివైపుది. విప్పిన సరుకు వెనక్కి తీసుకోం అంటూ రెండుసార్లు తిప్పి పంపి, చివరికి కొంత సొమ్ము పట్టుకొని వెనక్కి తీసుకున్నారు. బార్బీ బొమ్మను 1959లో తీసుకొచ్చిన రూత్ హ్యాండ్లర్ 1970లో తన రొమ్ము పోయాక, దొరికిన కృత్రిమ రొమ్ములు నచ్చక తానే తయారీకి దిగి, చెప్పులకు లాగే వీటికీ కుడి ఎడమలు వేరుగా ఉండాలని పట్టుబట్టింది. ఇన్నేళ్ళ తరువాత కూడా అమ్మేవాళ్ళు ఆ తేడా చూడకుండా చేతికివ్వడం నాకు చాలా కష్టంగా తోచింది.

రెండో దుకాణంలో ఒక పెద్దావిడ కర్టెన్ వేసి, గంటసేపు ఓపికగా నాలుగు రకాలు పెట్టి చూపించారు. నేను యూనిఫాం వెంట తీసుకెళ్ళి దానిలోనే వంగి, లేచి, చేతులెత్తి చూసుకున్నాను. కొనేవారందరూ ఇలాగే రోజూ కట్టుకునే బట్టతో వెళ్ళాలని నా గట్టి అభిప్రాయం.

నేను కొన్నది 380 గ్రాములు, 7,200 రూపాయలు. ఇంత ఖరీదూ పైకి కనిపించే తీరుకని చాలామంది అనుకుంటారు. ఆరు నెలలు వాడిన మీదట, అసలు విలువ దాని బరువుదేనని చెప్పగలను. ఒకవైపు బరువు లేక నా ఎడమ భుజం తెలియకుండానే పైకి లేచి, సాయంత్రానికి మెడ పట్టేసేది. సిలికాన్‌ది పెట్టుకున్న రెండు వారాలకు ఆ నొప్పి చాలావరకు సర్దుకుంది. కానీ మన విశాఖ ఉక్కపోతకు మాత్రం అది ఏమాత్రం సరిపడదు. ఏసీ లేని వార్డులో మధ్యాహ్నానికి దాని వెనక చెమట నిలిచి చర్మం చెమటకాయలతో ఎర్రబడుతుంది. నూలు తొడుగు లేకుండా దాన్ని ఒంటికి తగలనివ్వకండి. రాత్రి సబ్బునీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, దానితో వచ్చిన గుంటపెట్టెలోనే బోర్లించాలి. సూది మొన తగిలితే సిలికాన్ కారిపోతుంది. చీర పిన్ను విషయంలో అందరూ జాగ్రత్తపడతారు గానీ, నేను డ్యూటీకి చేరిన మొదటి రోజే నేమ్ బ్యాడ్జి పిన్నును అలవాటుగా ఎడమ గుండె మీదకు తీసుకెళ్ళి, సరిగ్గా గుచ్చబోయే ముందు ఆగాను. ఇప్పుడు బ్యాడ్జిని మెడలో తాడుకు వేసుకుంటున్నాను.

సిలికాన్‌దాన్ని పెట్టుకోవడానికి లోపల జేబు ఉన్న బ్రాకు 1,100 రూపాయలు అయింది. దర్జీ చేత మామూలు బ్రాకే లోపల జేబు కుట్టించుకోవచ్చు, అది బాగానే పనిచేస్తుంది. అయితే పట్టీలు వెడల్పుగా లేకపోతే ఆ బరువంతా భుజంలోకి దిగుతుంది. లింఫు గ్రంథులు తీసిన వైపు చెయ్యి వాచే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఇక్కడ డబ్బు మిగుల్చుకోవాలని చూడవద్దు.

ఇదివరకు నేను రొమ్ము తీసిన ఎందరికో కోత దగ్గర చేరే నీటిని బయటికి తీసే గొట్టపు సీసాను (డ్రెయిన్) ఎలా ఖాళీ చేయాలో, ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో ఎలా రాసుకోవాలో నేర్పి పంపాను. ఇంటికి వెళ్ళేటప్పుడు జాకెట్టులో ఏం పెట్టుకుంటున్నారని ఒక్కరినీ అడగలేదు. ఒకావిడ రెండు చేతిరుమాళ్ళు మడిచి పెట్టుకోవడం నా కళ్ళతో చూసి కూడా, అడిగితే నొచ్చుకుంటారేమోనని ఊరుకున్నాను. ఇప్పుడు డిశ్చార్జి రోజున నా నూలుదాన్ని వాళ్ళ చేతిలో పెట్టి చూపిస్తున్నాను. గత వారం నర్సీపట్నం నుంచి వచ్చిన ఒక అక్క దాన్ని చాలాసేపు అరచేతిలో తూచి చూసి, "నాకూ ఒకటి చేయిస్తావా చెల్లీ" అని అడిగింది. కొలత తీసి పిన్నికి పంపాను. కుడివైపుదని రెండుసార్లు రాశాను.