కుర్చీ కాళ్లకు సిలికాన్ తొడుగులు: కింది ఫ్లాటుతో పేచీ ఎంతవరకు తీరుతుంది?

రాత్రి పదింటికి భోజనాల బల్ల దగ్గర కుర్చీ లాగితే కింది ఫ్లాటులో బర్రుమంటుంది. "కావాలనే చేస్తున్నారు" అంటారు కిందివాళ్లు. "మాకు వినపడందే!" అంటారు పైవాళ్లు. వాళ్లేమీ అబద్ధమాడటం లేదు. కుర్చీ కాలు టైలును పట్టి వదులుతూ, సెకనుకు వందలసార్లు అదురుతుంది. ఆ అదురు శ్లాబులోకి దిగి కింది గది కప్పును మోగిస్తుంది.

దీనికి దొరికే సరుకుల్లో అడుగున ఫెల్ట్ (ఒత్తిన ఉన్నిలాంటి మందపాటి మెత్తటి గుడ్డ) అతికించిన సిలికాన్ తొడుగులే మేలు. చప్పుడు బాగా తగ్గుతుంది. చిక్కంతా సైజుతోనే. కాలి చుట్టూ దారం చుట్టి కొలిచి 3.14తో భాగించండి, 70 మి.మీ. చుట్టుకొలత అంటే వ్యాసం సుమారు 22. తొడుగు వదులైతే వారంలో సోఫా కింద దొరుకుతుంది. బిగుతుగా ఉంటే వేడినీళ్లలో నిమిషం ముంచి ఎక్కించండి. ఫెల్ట్ ఆరాకే కుర్చీ వాడాలి. స్టీలు గొట్టం చివరనున్న ప్లాస్టిక్ బిరడా మాత్రం పీకకండి, అది లేకపోతే గొట్టం అంచు తొడుగును లోపల్నుంచి కోసేస్తుంది. పలకల కాళ్లకు పలకల తొడుగే కొనాలి. అచ్చు పోసిన ప్లాస్టిక్ కుర్చీలకు ఇవి కుదరవు, వాటి కాలు గొట్టంలా ఉండదు.

చవగ్గా వచ్చే ఫెల్ట్ స్టిక్కర్లు బీరువాకు, మంచానికి చాలు. రోజూ జరిపే కుర్చీకి నిలవవు: పక్కతోపుకు జిగురు జారి, దానికి వెంట్రుకలు, దుమ్ము అంటుకుని అసహ్యంగా తయారవుతుంది. తడిగుడ్డ పెట్టే ఇళ్లలో ఇంకా త్వరగా ఊడతాయి. ఉత్త రబ్బరు బుష్షులు కొనకండి. రబ్బరు టైలును పట్టేస్తుంది, కుర్చీ కుదుపుతో కదులుతుంది, నల్లగీతలు అదనం.

ఫెల్ట్‌లో ఇసుక రేణువు ఇరుక్కుంటే టైలు మీద గీతలు పడతాయి. నెలకోసారి కుర్చీ తిరగేసి పాత టూత్‌బ్రష్‌తో దులపండి. ఫెల్ట్ గట్టిపడి నిగనిగలాడుతుంటే మార్చాల్సిందే.

పిల్లల గెంతులకు, రోట్లో దంపుడుకు ఇవేమీ చేయలేవు. అది గుద్దుడు చప్పుడు. దానికి మందపాటి రబ్బరు మ్యాట్ కావాలి. కిందివాళ్లు అసోసియేషన్ గ్రూపులో పెట్టేముందు "ఆంటీ, మీ కుర్చీ కాళ్ల సైజు ఎంత? ఒక సెట్టు మేమే తెప్పిస్తాం" అని అడిగి చూడొచ్చు. నాలుగు కుర్చీలకు పదహారు తొడుగులు. ఒకటి రెండు ఎక్కువే తెప్పించండి, ఎక్కించేటప్పుడు చిరుగుతుంటాయి.