ఎక్కువ మందు గబగబా ఊపిరితిత్తుల్లోకి వెళ్లాలంటే: పఫ్, పొడి, నెబులైజర్‌లలో ఏది మేలు?

ఈ హైదరాబాద్‌లో ఉబ్బసం సంగతి వేరే చెప్పక్కర్లేదు. మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప ప్రసాదం క్యూ చూసినా, చలికాలం పొద్దున్నే ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి ఓపీ దగ్గర నిలబడినా తెలిసిపోతుంది. వైద్య పరికరాలు చేద్దామనుకునే కుర్రాళ్లూ ఇక్కడ బాగానే ఉన్నారు, వాళ్లు అడిగేది ఒకటే: ఎక్కువ మందు తక్కువ టైంలో లోపలికి పంపాలంటే ఏ డిజైన్ పట్టుకోవాలి? నా జవాబు ముందే చెప్పేస్తాను. మైక్రోగ్రాముల్లో (మిల్లీగ్రాములో వెయ్యో వంతు) ఇచ్చే మందుకి, అందులోనూ దమ్ము వచ్చిన టైంలో, స్పేసర్ (ఇన్హేలర్‌కీ నోటికీ మధ్య పెట్టే ఖాళీ గొట్టం) తగిలించిన పఫ్, అంటే నొక్కితే మందు చిమ్మే ఇన్హేలర్. పదుల మిల్లీగ్రాముల మందుకి పీల్చే పొడి. గట్టిగా పీల్చలేనివాళ్లకి మెష్ నెబులైజర్, అంటే ద్రవ మందుని చిల్లుల రేకుతో తుంపర చేసే యంత్రం.

ఏ పరికరమైనా గెలిచేదీ ఓడేదీ గొంతు దగ్గరే. నోట్లోకి వెళ్లిన గాలి అక్కడ దాదాపు 90 డిగ్రీలు మలుపు తిరుగుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఫుల్ స్పీడులో వస్తున్న లోడు లారీ ఎగ్జిట్ దగ్గర ఒక్కసారిగా తిరగలేనట్టే, పెద్ద బిందువు, వేగంగా వచ్చే బిందువు ఆ మలుపు తిరగలేక గొంతు గోడకి కొట్టుకుని, మింగుడు పడి కడుపులోకి పోతుంది. ఈ కొట్టుకోవడం వేగంతో పాటు పెరుగుతుంది, సైజుతో అయితే వర్గంలో పెరుగుతుంది, అంటే బిందువు రెండింతలైతే ప్రమాదం నాలుగింతలు. అందుకే అందరూ 1 నుంచి 5 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మధ్య ఉండాలని పట్టుబడతారు. పోనీ చిన్న బిందువులనే దట్టంగా నింపుదామంటే, అవి ఒకదానికొకటి తగిలి కలిసిపోయి మళ్లీ పెద్దవైపోతాయి. కాబట్టి "ఎక్కువ", "త్వరగా" అనే రెండు కోరికలకీ గొంతే హద్దు గీస్తుంది, మోటారు పవర్ పెంచితే తీరే సమస్య కాదు.

పఫ్ ఇన్హేలర్ 1956లో వచ్చింది. లోపల వాల్వు ప్రతిసారీ 25 నుంచి 100 మైక్రోలీటర్ల ద్రవం కొలిచి వదులుతుంది, మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరిగే ప్రొపెల్లెంట్ (మందుని బయటికి నెట్టే ద్రవం) ఒక్కసారిగా ఆవిరై మందుని తుంపరలుగా విసిరేస్తుంది. సెకనులో చిన్న వంతులో పని అయిపోతుంది, స్పీడుకి దీన్ని మించింది లేదు. ఆ స్పీడే దాని జబ్బు కూడా, ఎందుకంటే మామూలుగా కొడితే చాలా మందు గొంతులోనే ఆగిపోతుంది. స్పేసర్ పెట్టగానే కథ మారుతుంది. ఆ ఖాళీ గొట్టంలో తుంపర వేగం తగ్గుతుంది, ప్రొపెల్లెంట్ ఆవిరై బిందువు చిన్నదవుతుంది, పెద్దవి గోడకే అంటుకుపోతాయి, నొక్కడానికీ పీల్చడానికీ టైమింగ్ కుదరాలన్న టెన్షన్ పోతుంది. శ్వాసనాళాల్ని తెరిచే మందు సాల్బుటమాల్ పఫ్ ఒక్కటి 100 మైక్రోగ్రాములు, అటాక్ వచ్చినప్పుడు మొదటి గంటలో ప్రతి 20 నిమిషాలకి 4 నుంచి 10 పఫ్‌లు అని అంతర్జాతీయ మార్గదర్శకాల్లోనే ఉంది. ఇక్కడొక సంగతి గట్టిగా చెప్పాలి: ఆ పదీ ఒకేసారి స్పేసర్‌లో కొట్టి పీల్చేస్తే త్వరగా అవుతుంది కదా అనుకోకండి, తుంపరలు కలిసిపోయి గోడలకి అంటుకుంటాయి, లోపలికి వెళ్లేది తగ్గుతుంది. ఒక పఫ్, నాలుగైదు శ్వాసలు, మళ్లీ ఒక పఫ్. ఇంకోటి, కొత్త ప్లాస్టిక్ స్పేసర్‌లో స్టాటిక్ కరెంటు మందుని లాగేసుకుంటుంది, సబ్బు నీళ్లలో ముంచి గుడ్డతో తుడవకుండా గాలికి ఆరనిస్తే సరిపోతుంది. (అటాక్‌లో ఇంత చేసినా తగ్గకపోతే, మాట్లాడటానికి కూడా ఊపిరి అందకపోతే, లెక్కలు పక్కనపెట్టి ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.)

పఫ్‌కి చేతకానిది బరువు. సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకునే పుట్టుక జబ్బు) వాళ్లకి ఇచ్చే టోబ్రామైసిన్ అనే యాంటీబయాటిక్ పొడి ఒక డోసు 112 మిల్లీగ్రాములు. పఫ్‌కి 100 మైక్రోగ్రాముల లెక్కన అది 1,120 పఫ్‌లు, ఎవరివల్లా కాదు.

అక్కడే పొడి నెగ్గుతుంది. అదే టోబ్రామైసిన్‌ని నెబులైజర్‌లో పెడితే 300 మిల్లీగ్రాములు పోసి పావుగంట పైనే కూర్చోవాలి, రోజుకి రెండుసార్లు. పొడి రూపంలో 28 మిల్లీగ్రాముల క్యాప్సూల్స్ నాలుగు, ఐదారు నిమిషాల్లో అయిపోతుంది. ఇది ఊరికే సాధ్యం కాలేదు. మనకి అలవాటైన రోటాక్యాప్‌లో (పీల్చే పొడి క్యాప్సూల్) నిజమైన మందు చాలా కొంచెమే, మిగతాదంతా లాక్టోస్ అనే పాల చక్కెర, సన్నటి మందు రేణువులు ఆ పెద్ద లాక్టోస్ రేణువులకి అంటుకుని ఉండి, పీల్చినప్పుడు సుడిలో విడిపోతాయి. పెద్ద డోసుకి లాక్టోస్ మోసే చోటు ఉండదు కాబట్టి స్ప్రే డ్రైయింగ్‌తో (ద్రవాన్ని తుంపరగా చల్లి వేడి గాలిలో ఆరబెట్టడం) బోలుగా, చిల్లులు చిల్లులుగా ఉండే తేలికైన రేణువులు చేశారు. నా దృష్టిలో ఈ రంగంలో అందమైన ఇంజనీరింగ్ అంటే ఇదే, పరికరం మీద కాకుండా రేణువు మీద పనిచేశారు. దీని బాధలు కూడా ఉన్నాయి. ఎక్కువ పొడి గొంతులో పడితే దగ్గు వస్తుంది. పొడిని చెదరగొట్టే శక్తి అంతా మనిషి పీల్చడం నుంచే రావాలి, ఐదేళ్ల లోపు పిల్లలకీ, ఆయాసంతో వంగిపోయినవాళ్లకీ అది లేనప్పుడు ఎంత మంచి డిజైనైనా ఒట్టి ప్లాస్టిక్కే. పైగా వానాకాలం తేమకి పొడి ముద్దకడుతుంది, క్యాప్సూల్‌ని వాడే క్షణం దాకా స్ట్రిప్‌లోంచి తీయకూడదు. డిజైన్ చేసేవాళ్లు గాలి దారిలో ఎంత అడ్డు పెట్టాలా అని తర్జనభర్జన పడతారు, నేనైతే కొంచెం ఎక్కువ అడ్డు ఉన్నదానికే ఓటేస్తాను, ఎందుకంటే గాలి నిమిషానికి 90 లీటర్ల బదులు 40 లీటర్లే వెళ్లినా లోపల సుడి బాగా తిరుగుతుంది, గొంతు దగ్గర వేగమూ తక్కువే ఉంటుంది.

నెబులైజర్ మీద మనవాళ్లకి నమ్మకం ఎక్కువ, పొగ కనిపిస్తుంది కాబట్టి. జెట్ రకంలో నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల గాలి మందుని చీల్చుతుంది, 3 మిల్లీలీటర్లు పోస్తే దాదాపు 1 మిల్లీలీటరు కప్పులోనే మిగిలిపోతుంది, ఊపిరి వదిలేటప్పుడు వచ్చే పొగంతా గదిలోకి పోతుంది. సాల్బుటమాల్ 2.5 మిల్లీగ్రాములు పోస్తారు, పది పఫ్‌లు కలిపినా 1 మిల్లీగ్రామే, అయినా ప్రాణాపాయం లేని అటాక్‌లో స్పేసర్ దీనికి ఏమాత్రం తీసిపోదని కోక్రేన్ సమీక్ష (ఎన్నో వైద్య పరీక్షల ఫలితాల్ని కలిపి తూచేది) తేల్చింది. మెష్ రకం మేలు. చిల్లుల రేకు సెకనుకి లక్షకి పైగా సార్లు కంపించి మందుని బిందువులుగా తోస్తుంది, మిగిలేది తక్కువ, చప్పుడు ఉండదు, కరెంటు పోయినా బ్యాటరీ మీద నడుస్తుంది. కడగడంలో బద్ధకిస్తే మాత్రం చిల్లులు మూసుకుపోతాయి.

వేడితో ఆవిరి చేసే రకం కూడా ఉంది. లోక్సపిన్ అనే మానసిక వైద్యపు మందు 10 మిల్లీగ్రాముల్ని సెకను లోపే ఆవిరి చేసి సన్నటి కణాలుగా ఇచ్చే పరికరానికి అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది. అయితే దానివల్ల శ్వాసనాళాలు బిగుసుకుపోవచ్చని, ఉబ్బసం ఉన్నవాళ్లకి ఇవ్వకూడదని గట్టి హెచ్చరిక ఉంది. మన అవసరానికి అది పనికిరాదు.

తయారీ సంగతికొస్తే, పొడి పరికరమంతా ప్లాస్టిక్ మౌల్డింగే, బాలానగర్ టూల్ రూముల్లో అచ్చులు చేయించుకోవచ్చు, కష్టమంతా పొడి దగ్గరే. మెష్ రేకులో మైక్రాన్ల సైజు చిల్లులన్నీ ఒకేలా రావడం వేరే స్థాయి పని. మొదటి ప్రాజెక్టు ఏది అంటే నేను స్పేసరే చెబుతాను: పసిపిల్లల మొహానికి సందు లేకుండా అతుక్కునే మాస్కు, బలహీనమైన ఊపిరికి కూడా తెరుచుకునే వాల్వు, స్టాటిక్ పట్టని ప్లాస్టిక్, అన్నిటికన్నా ముందు మామూలు కుటుంబం మందుల షాపులో ఆలోచించకుండా కొనగలిగే ధర.