బెల్టు తెగితే, చైన్ జారితే

డస్టర్ డీజిల్‌లో టైమింగ్ బెల్టు, పాత స్విఫ్ట్ డీజిల్‌లో చైన్. రెండింటి పనీ ఒకటే: క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్‌ను (గాలి, పొగ రాకపోకలకు వాల్వులు తెరిచే ఇరుసు) ఒక చుట్టు తిప్పడం. పాడయ్యే తీరే వేరు.

బెల్టు రబ్బరుది. చాలాసార్లు చెప్పాపెట్టకుండా తెగుతుంది. క్యామ్ ఆగిపోతుంది, బండి వేగానికి క్రాంక్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. 3,000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సెకనుకు 50 సార్లు పైకొస్తుంది. తెరిచి ఉండిపోయిన వాల్వులను గుద్దేస్తుంది. హెడ్ (ఇంజిన్ పైభాగం) విప్పి చూస్తే వంగిన వాల్వులు, పిస్టన్ నెత్తిన వాటి అచ్చులు! అలా ఆగిన బండికి దయచేసి మళ్లీ సెల్ఫ్ కొట్టకండి, మిగిలిన వాల్వులూ పోతాయి.

చైన్ చాలావరకు ముందే మొరపెట్టుకుంటుంది. ఆయిల్ తగ్గినా, మార్చక మడ్డిలా అయినా చైన్ సాగి, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ పట్టు తప్పి, పొద్దున స్టార్ట్ చేయగానే కొన్ని సెకన్లు గలగలమంటుంది. పట్టించుకోకపోతే పళ్లచక్రం మీద పళ్లు దాటి జారుతుంది. అప్పుడు దెబ్బ బెల్టు తెగినప్పటి లాంటిదే.

నా ఓటు చైన్‌కే. బెల్టు బండి ఉంటే కిలోమీటర్లతో పాటు ఏళ్లూ లెక్కపెట్టండి. తక్కువ తిరిగిన బండిలోనూ రబ్బరు పాతబడుతుంది. మార్చేటప్పుడు టెన్షనర్, బెల్టుకు దారి చూపే ఐడ్లర్ చక్రం కూడా కొత్తవే వేయించండి.