డియాంజెలో ‘వూడూ’: పాతికేళ్లుగా వింటున్న ఆలస్యం

అమెరికన్ సోల్ గాయకుడు డియాంజెలో రెండో ఆల్బమ్ ‘వూడూ’ గురించి రాసేవాళ్లంతా అందులోని ‘అన్‌టైటిల్డ్’ పాట వీడియో దగ్గర మొదలుపెడతారు. నేను డ్రమ్స్ దగ్గర మొదలుపెడతాను, వీలైతే అక్కడే ఆగిపోతాను కూడా. ఈ ఆల్బమ్‌ను ఇన్నేళ్లు దగ్గర పెట్టుకున్నది ఆ ఒక్క కారణానికే. ఇందులో దెబ్బ పడవలసిన చోట పడదు, కాస్త ఆగి పడుతుంది. ఎంత ఆగుతుందో ముందుగా చెప్పలేం. చెవి ఎదురుచూస్తుంది, మెడ తొందరపడి ఊగేస్తుంది, ఆ తర్వాత తీరిగ్గా వస్తుంది అసలు దెబ్బ. పెళ్లి భోజనం చేసి అరుగు దాకా నడిచే పెద్దమనిషి నడక అది. తొందర ఉండదు, తూలడమూ ఉండదు.

డియాంజెలో ఎవరో, 1995లో వచ్చిన ‘బ్రౌన్ షుగర్’ ఆయనకు ఎంత పేరు తెచ్చిందో ఈ సంగీతం వినేవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. రెండో ఆల్బమ్ 2000 జనవరిలో గానీ రాలేదు. మధ్యలో చాలాకాలం పాటలు పుట్టక ఊరుకున్నాడు. మొదటి ఆల్బమ్ విడుదల చేసిన ఇఎంఐ కంపెనీ అమెరికా శాఖ 1997లో మూతపడటంతో వర్జిన్‌కు మారాడు. ఇక అక్కడినుంచి న్యూయార్క్ గ్రెనిచ్ విలేజ్‌లోని ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోలో మకాం. జిమీ హెండ్రిక్స్ తన కోసం కట్టించుకున్న స్టూడియో అది. అక్కడ డియాంజెలో, ఆయన వాద్యబృందం దినచర్య చదివితే నిర్మాతలకు గుండెదడ వస్తుంది: పాత సోల్, ఫంక్ కళాకారుల కచేరీల వీడియో టేపులు చూడటం, చూసిన పాటల్ని గంటల తరబడి వాయించుకోవడం, వాయిస్తూ వాయిస్తూ ఉండగా కొత్తదేదైనా తగిలితే దాన్ని పట్టుకోవడం. ఇంజనీర్ రసెల్ ఎలెవాడో కంప్యూటర్‌ను పక్కన పెట్టి, పాతకాలపు పరికరాలతో రెండంగుళాల టేపు మీదే రికార్డు చేశాడు. అదే భవనంలో, అవే రోజుల్లో, దాదాపు అదే బృందంతో ర్యాపర్ కామన్, గాయని ఎరికా బాడు ఆల్బమ్‌లు కూడా తయారవుతున్నాయి. ‘వూడూ’లోని ‘చికెన్ గ్రీజ్’ అసలు కామన్ కోసం మొదలైన పాట. డియాంజెలో విని, ఇది నాకు కావాలని పట్టుబట్టి, బదులుగా మరో పాట ఇచ్చి తీసుకున్నాడు. పెట్టుబడి పెట్టినవాళ్ల సంగతి ఏమోగానీ, విన్నవాళ్లకు ఆ బేరం కలిసివచ్చింది.

డ్రమ్స్ క్వెస్ట్‌లవ్‌వి. ద రూట్స్ అనే హిప్ హాప్ బృందంలో ఆయనకు పేరు వచ్చిందే కాలం తప్పకుండా వాయిస్తాడని. అలాంటి మనిషిని కూర్చోబెట్టి ఇంకా వెనక్కి లాగు, ఇంకా లాగు అని డియాంజెలో వెంటపడేవాడట. జీవితమంతా సాధన చేసి సంపాదించుకున్నదాన్ని పని గట్టుకుని పోగొట్టుకోవలసి వచ్చిందని క్వెస్ట్‌లవ్ తర్వాత చాలాచోట్ల చెప్పుకున్నాడు. ఈ పిచ్చికి మూలపురుషుడు డెట్రాయిట్‌కు చెందిన, హిప్ హాప్ బీట్లు కట్టే జే డిల్లా. ఎంపీసీ అనే బీట్ యంత్రంలో, వేలితో కొట్టిన ప్రతి దెబ్బనూ తనంతట తానే సరైన గీత మీదికి, అంటే లెక్క ప్రకారం అది పడవలసిన చోటికి, జరిపే ఏర్పాటు ఒకటి ఉంటుంది. డిల్లా చాలాసార్లు దాన్ని పక్కన పెట్టేవాడని చెబుతారు. దెబ్బల్ని గీతకు అటూ ఇటూగానే ఉంచేవాడు. యంత్రంతో మనిషిలా వాయించడం డిల్లా పద్ధతి. ఆ పద్ధతిని మళ్లీ చేతులతో, కాళ్లతో వాయించి చూపించడం క్వెస్ట్‌లవ్‌కు అప్పగించిన పని.

చిన్నప్పుడు నేను కొన్నాళ్లు మృదంగం నేర్చుకున్నాను. అది నిలవలేదు గానీ తాళం వేసే అలవాటు చేతికి మిగిలింది. అందుకే కాబోలు, ఈ ఆలస్యం నన్ను అంతగా పట్టుకుంది. మనకూ ఆలస్యంగా ఎత్తుకోవడం ఉంది. అనాగత ఎడుపులో తాళం మొదలయ్యాకే పాట మొదలవుతుంది. అయితే అక్కడ ఆగేదానికి లెక్క ఉంటుంది, అరక్షరమో ముప్పావో గురువుగారు వేళ్లమీద చూపించగలరు. ‘వూడూ’లో ఆగేదాన్ని ఏ లెక్కతోనూ భాగించలేం. తొడమీద తాళం వేస్తూ ఇందులోని ‘ప్లేయా ప్లేయా’ పాట వినడానికి కూర్చుంటే నాలుగైదు ఆవర్తాలు (తాళం పూర్తి చుట్లు) కాకముందే చెయ్యి సందేహంలో పడుతుంది. అది తాళం తప్పినట్టు ఉంటుంది, కానీ తప్పలేదని ఆవర్తం చివర తెలుస్తూనే ఉంటుంది.

ఇంతకాలం విన్నాక ఇందులో ఇక తెలుసుకునేది ఏముంటుందనుకున్న సమయంలో మా మేనల్లుడి చేతుల్లో ఒక సంగతి బయటపడింది. వాడు షార్ట్ ఫిల్మ్‌లకు సౌండ్ పని చేస్తుంటాడు. ఒక ఆదివారం ఇంటికి వచ్చి, ఆ ‘ప్లేయా ప్లేయా’నే వింటూ, “మామయ్యా, ఈ డ్రమ్మర్ నిద్రలో వాయిస్తున్నట్టున్నాడు. సరిచేసి ఇవ్వమంటారా?” అన్నాడు. వాడి తరానికి అది మామూలు మాటే. వాళ్లు చేసే ప్రతి పాటనూ గీతల మీద పెట్టి సర్దుతారు. సరే, చేసి చూపించరా అన్నాను.

ఇప్పుడు ఒక పాటలోంచి గొంతు, డ్రమ్స్, బేస్ (కింది స్వరాలు పలికే గిటారు) విడివిడిగా లాగే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. వాడు ‘ప్లేయా ప్లేయా’ను అలా విడదీసి, నిలువు గీతల మీద పరిచాడు. తెరమీద చూస్తే నాకు ముందు అర్థం కాలేదు. నేను అనుకున్నంత గందరగోళం డ్రమ్స్‌లో లేదు. స్నేర్ (కర్రతో కొట్టే చిన్న డ్రమ్) దెబ్బలు చాలావరకు గీత పక్కనే నిలబడ్డాయి. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) అప్పుడప్పుడు వెనకబడింది. బేస్ వరుసకు వచ్చేసరికి, స్వరం పలికిన చోట తెరమీద కనిపించే ఉబ్బెత్తు ఒక్కటి కూడా గీత మీద లేదు. అన్నీ గీత దాటిన తర్వాతే, అదీ ఒక్కోటి ఒక్కో దూరంలో. మా వాడు నాలుక చప్పరించి, అన్నింటినీ ఎంచుకుని, ఒక మీట నొక్కాడు. పుట్టలు పుట్టలుగా ఉన్నవన్నీ టక్కున గీతల మీదికి వచ్చి కూర్చున్నాయి.

వేసి విన్నాం. పాటలో ఏదీ తగ్గలేదు. అవే స్వరాలు, అదే గొంతు, రాయ్ హార్‌గ్రోవ్ ట్రంపెట్ కూడా ఎక్కడిదక్కడే ఉంది. కానీ గదిలో ఎవరి మెడా కదలలేదు. అర నిమిషానికి వాడే ఆపేసి, “ఇదేమిటి, చప్పబడిపోయింది!” అన్నాడు. తర్వాత వాడికి పట్టుదల వచ్చింది. డ్రమ్స్‌ను మాత్రం పాత చోటికి పంపి, బేస్‌ను గీత మీదే ఉంచాడు. కొంచెం మెరుగు, అంతే. ఈసారి తిరగేశాడు, డ్రమ్స్ గీత మీద, బేస్ పాత చోట. పాటకు ప్రాణం సగానికి పైగా తిరిగొచ్చింది. భోజనానికి రమ్మని లోపలినుంచి పిలుస్తున్నా ఇద్దరం కదల్లేదు.

బేస్ వాయించింది పీనో పల్లాడినో, వేల్స్ దేశస్థుడు. పాత ఫెండర్ ప్రెసిషన్ బేస్, దానికి చదునుగా చుట్టిన తీగలు. ఆ తీగలకు మోత తక్కువ, మొద్దుగా, గుండ్రంగా పలుకుతాయి. స్వరం ఎక్కడ మొదలైందో సరిగ్గా వేలు పెట్టి చూపించలేనంత మెత్తగా మొదలవుతుంది. ఆలస్యం పదింతలు ఆలస్యంగా అనిపించేది అందుకే. కాబట్టి పైన క్వెస్ట్‌లవ్‌కు ఇచ్చిన మార్కుల్లో కొన్ని తీసి ఈయనకు పంచాలి. డ్రమ్స్ కొద్దిగానే జరుగుతాయి. ఆ కొద్దినీ చూసుకుని వెనక ఇంకో అడుగు వేసేది బేస్.

మరి పల్లాడినో లేని పాటల మాటేమిటి? ‘ద రూట్’, ‘స్పానిష్ జాయింట్’ లాంటి వాటిలో బేసూ గిటారూ రెండూ చార్లీ హంటర్ ఒక్కడే, ఒకేసారి, ఒకే వాద్యం మీద వాయించాడు. ఆయన గిటారుకు ఎనిమిది తీగలు: మూడు బేస్‌వి, అయిదు గిటారువి. ఒకే మనిషి చేతుల్లోంచి వచ్చినా ‘ద రూట్’లో రెండు వరుసలూ ఒకదానికోసం ఒకటి ఆగుతున్నట్టే ఉంటాయి. దీన్ని విడదీసి గీతల మీద పెట్టమని మేనల్లుడిని అడిగాను. సాఫ్ట్‌వేర్‌కు బేస్ ఏదో గిటారు ఏదో తేల్చుకోవడం చేతకాలేదు.

ఇంత మెచ్చుకున్నాను కదా అని 79 నిమిషాలూ ఇదే ఆనందం అనుకోకండి. ఆల్బమ్ వచ్చిన కొత్తలోనే కొందరు విమర్శకులు పాటలకు ఆకారం లేదని, సాగదీశారని విసుక్కున్నారు. అప్పట్లో వాళ్లమీద నాకు కోపం ఉండేది. ఇప్పుడు ‘ద లైన్’ నడుస్తుండగా లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వస్తుంటాను. మాటలు ఒక్కటీ అర్థం కావు. డియాంజెలో తన గొంతునే పొరలు పొరలుగా పేర్చుకుని, ఒకదాని వెనక ఒకటి గొణిగిస్తాడు. సాహిత్యం వెతికి చదువుకుంటే తప్ప ఏ పాట దేని గురించో తెలియదు. ‘లెఫ్ట్ అండ్ రైట్’లో ర్యాపర్లు మెథడ్ మ్యాన్, రెడ్‌మ్యాన్ వచ్చి అరుస్తారు. ఇంట్లో అమ్మ ఉన్నప్పుడు పెట్టే పాట కాదు, లేనప్పుడు కూడా నేను దాటేస్తాను.

ఇక ‘అన్‌టైటిల్డ్’. మరో సోల్ గాయకుడు రాఫేల్ సాదిక్‌తో కలిసి చేసిన పాట. ఏడు నిమిషాల పాటు మెట్టు మెట్టుగా పైకి తీసుకెళ్లి, గొంతు అరుపుగా మారి, ఇంకేముంది ఇప్పుడు విడుస్తాడు అనుకున్న చోట మాట మధ్యలో తెగిపోతుంది. కొత్తగా వినేవాళ్లు ఎవరైనా సరే ముందు ఫోను వైపు చూస్తారు, తర్వాత నా వైపు చూస్తారు. గొప్ప ఆలోచన అని చాలామంది అంటారు. నాకు మాత్రం ఆ చోట ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ పాట వీడియో డియాంజెలోకు చేసిన మేలు, కీడు రెండూ అందరికీ తెలిసినవే. కెమెరా ముందు చొక్కా లేకుండా నిలబడి పాడాడు, అంతే. ఆల్బమ్ మొదటి వారంలో 3,20,000 కాపీలు అమ్ముడై అమెరికాలో అమ్మకాల బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానానికి వెళ్లింది, మరుసటి ఏడాది రెండు గ్రామీ అవార్డులు తెచ్చింది. 2000లో చేసిన పర్యటనలో మాత్రం, అంతమంది దిగ్గజాలు వెనక వాయిస్తుండగా, జనం చొక్కా విప్పమని కేకలు వేశారు. వేదిక ఎక్కే ముందు ఒంటి గురించి దిగులుపడుతూ ఆలస్యం చేసేవాడని క్వెస్ట్‌లవ్ చెప్పాడు. ఆ తర్వాత ఆయన జనానికి దూరమయ్యాడు. వ్యసనాలు, 2005లో కారు ప్రమాదం, మూడో ఆల్బమ్‌కు 2014 డిసెంబరు దాకా నిరీక్షణ. రోలింగ్ స్టోన్ పత్రిక గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో 2003లో ‘వూడూ’కు ఇచ్చిన స్థానం 488, 2020 నాటికి 28. 2025 అక్టోబరు 14న ఆయన పోయినప్పుడు నా ఫోనుకు వచ్చిన సందేశాల్లో ముప్పాతిక వంతు మళ్లీ ఆ వీడియోనే. ఒక్కరైనా ‘ప్లేయా ప్లేయా’ పంపుతారేమోనని చూశాను.

కొనవచ్చా, వినవచ్చా అంటే నా పరిస్థితులు చెబుతాను, మీరే తేల్చుకోండి. నేను రాత్రి ఇల్లు సద్దుమణిగాక, మంచి హెడ్‌ఫోన్లతో వింటాను. మర్నాడు తెల్లవారుజామున లేవవలసిన ఉద్యోగం నాకు లేదు. ఫోను స్పీకరులో అయితే దీన్ని వినకపోవడమే మేలు. బేస్ మాయమైపోతుంది, బేస్ లేకపోతే మిగిలేది గొణుగుడే. కారులోనూ నాకు కుదరలేదు, ఇంజను మోత కింద ఆ మెత్తటి తీగలు అణిగిపోతాయి. మీది నాకన్నా మంచి కారైతే సంగతి వేరు. 2012లో లైట్ ఇన్ ది ఆటిక్ సంస్థ మళ్లీ విడుదల చేసిన రెండు ఎల్‌పీల (గ్రామఫోన్ పళ్లేల) సంచిక స్నేహితుడి ఇంట్లో విన్నాను. ధ్వని బాగుంది గానీ, నిద్రమత్తులో సాగవలసిన ఆల్బమ్‌కు మధ్యమధ్యలో లేచి పళ్లెం తిరగేయడం నాకు పడలేదు. మోకాళ్ల నొప్పులు లేనివాళ్లకు అది పెద్ద అడ్డం కాకపోవచ్చు. రాగం, చక్కటి పల్లవి కావాలనుకునేవాళ్లు ‘బ్రౌన్ షుగర్’ దగ్గరే ఆగిపోవడం మంచిది.

ఒకవేళ విందామనుకుంటే వరుసక్రమం పక్కన పెట్టి ‘స్పానిష్ జాయింట్’తో మొదలుపెట్టండి. ఉన్నవాటిలో చురుకైనది అదే. తర్వాత ‘సెండ్ ఇట్ ఆన్’, ఆ తర్వాతే ‘ప్లేయా ప్లేయా’. ఈ మూడింటికీ కాలు కదలకపోతే మిగిలిన గంట దీనిమీద పెట్టకండి.