జాతీయవాదంపై ఆన్‌లైన్ కోర్సు: లోజాన్ పాఠం కోసమైనా చూడండి

చరిత్ర పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి ఈ కోర్సును కాస్త గట్టిగానే పరీక్షించాను. మొదటి పాఠాలు బాగున్నాయి. 1789 ఫ్రెంచి విప్లవంతో అధికారం రాజుది కాదు, జాతిది అన్న ఆలోచన ఎలా బలపడిందో, అచ్చుయంత్రం, బడి, సైన్యం కలిసి ముఖపరిచయం లేని మనుషుల్ని ‘మనం’ అనుకునేలా ఎలా చేశాయో విడమరిచి చెప్పారు.

నన్ను కదిలించింది 1923 లోజాన్ పాఠం. స్విట్జర్లాండ్‌లోని లోజాన్ నగరంలో కుదిరిన ఒప్పందం ప్రకారం గ్రీసు, టర్కీ తమ జనాన్ని మార్చుకున్నాయి. ఎవరు ఎటు వెళ్లాలో మతమే తేల్చింది. టర్కీ భాష మాట్లాడే ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీసుకు, గ్రీకు మాట్లాడే ముస్లింలు టర్కీకి! అంతకుముందే పారిపోయినవాళ్లకు తిరిగొచ్చే దారి కూడా మూసేశారు. మొత్తం పది లక్షలకు పైగా మనుషులు. అక్కడ వీడియో ఆపేసి చాలాసేపు ఉండిపోయాను. సొంత దేశం పేరు చెప్పి సొంత ఇల్లు లాక్కోవడం ఎంత అన్యాయం!

వలసపాలనపై పోరాడిన జాతీయవాదాన్ని మాత్రం ఒక్క పాఠంలో చుట్టేశారు. అది నాకు అసలు నచ్చలేదు. ఆసియా, ఆఫ్రికాల్లో కోట్లమందికి అదే విముక్తి మార్గమైంది. క్విజ్‌లూ తేదీల దగ్గరే ఆగిపోయాయి. నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఆ పాఠాన్ని పెంచితే ఐదోదీ ఇస్తాను.